అన్నమయ్య పాటకి అసలు బాణీ ఏదండీ?

మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు గానీ, కొల్లేటి లంకల్లో గానీ ఏ కుర్రోడినైనా ఆపి అన్నమయ్య ఎలా ఉంటాడని అడగండి. ఠక్కున కళ్ళ ముందుకొచ్చేది నాగార్జున మొహమే. నాక్కూడా అంతే, దాపరికం ఏముంది. 1997 మే 22న వచ్చిన సినిమా అది. అప్పటికి పుట్టనోళ్ళు కూడా ఇవాళ దాన్ని సీను సీనుకీ చెప్పేస్తారు. పండగొస్తే టీవీలో అదే, పెళ్ళి మండపంలో అదే, పొద్దున్నే గుడి మైకులో అదే. పాటలకి బాణీ కట్టిన కీరవాణి మన కొవ్వూరులో పుట్టినాయనే. ఆ సినిమా సంగీతానికి ఆయనకి జాతీయ అవార్డొచ్చింది. రాఘవేంద్రరావు తీశారు, జె.కె. భారవి రాశారు, బాలు పాడారు. బాగా తీశారండి, అందులో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, సినిమా చూసేసి అన్నమయ్య జీవితం మనకి తెలిసిపోయిందనుకోవడం దగ్గర. దానికి ఎదురుగా ఇంకో జట్టుంది. సినిమా అంతా అబద్ధం, మేం పాడేదే అసలైన అన్నమయ్య పాట అనే పెద్దమనుషులు. ఈ ఇద్దరూ సగం సగమే చెప్తున్నారని నా అనుమానం. అందుకే మనిషి కథ మొదట్నించీ చూద్దాం. ఏది రాగి మీదుంది, ఏది మనవడు చెప్పాడు, ఏది సినిమావాళ్ళు కలిపారు, విడివిడిగా.

రాగి మీద ఉన్నది చాలా కొంచెం. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా చిన్న గది ఒకటుంది, సంకీర్తన భాండారం అంటారు. తాళ్ళపాక వాళ్ళ పాటలు చెక్కిన రాగి రేకులు ఆ గదిలో వందల ఏళ్ళు ఉండిపోయాయి. 1816లోనే ఎ.డి. కాంప్‌బెల్ అనే తెల్లదొర తన తెలుగు వ్యాకరణం పుస్తకంలో వీటి మాట ఎత్తాడు. అయినా ఎవరూ పట్టించుకోలేదు. 1920ల్లో గానీ అవి మళ్ళీ వెలుగులోకి రాలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు వాటిని చదివి, విడదీసి, అచ్చుకి ఎక్కించారు. రేకులు రెండు వేల పైమాట. ఆయన రాసింది 32,000 పాటలని చెప్తారు, దొరికినవి 12,000కు పైగా. ఆ దొరికినవే ఒక్క మనిషి జీవితానికి ఎక్కువ అనిపిస్తుంది నాకు.

ఆ రేకుల మొదట్లో రెండు తేదీలున్నాయి. 16వ ఏట వేంకటేశ్వరుడు కనిపిస్తే అప్పట్నించీ పాటలు చెప్పడం మొదలెట్టాడని ఒకటి, అది 1424. కన్నుమూసిన ఫాల్గుణ బహుళ ద్వాదశి రెండోది, అది 1503 ఫిబ్రవరి 23. వెనక్కి లెక్కేస్తే పుట్టింది 1408. అంటే 95 ఏళ్ళ మనిషి. కడప సీమలో రాజంపేట పక్కన తాళ్ళపాక ఆయన ఊరు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. గట్టిగా చెప్పగలిగిన ఎముకల గూడు ఇంతే.

కండ ఎక్కడ్నించి వచ్చిందంటే, మనవడు చిన్నన్న రాసిన పుస్తకం నించి. ఈయన అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుల కొడుకు. తాత కథని ద్విపదలో రాశాడు. మనవడు తాత గురించి రాస్తే ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఇంట్లో పెద్దాళ్ళు చెప్పినవీ, ఊళ్ళో అనుకున్నవీ, మహిమలూ అన్నీ కలిసే ఉంటాయి. కానీ అందులో ఒక ముక్కుందండి, అది మాత్రం ఎవరో కూర్చుని కల్పించింది కాదనిపిస్తుంది.

ఉమ్మడి ఇల్లు. అన్నలు, వదినలు, గొడ్డూ గోదా. ఈ కుర్రాడేమో పొద్దస్తమానం దండె పట్టుకుని పాడుకుంటూ కూర్చుంటాడు. ఇంటిల్లిపాదీ విసుక్కున్నారు. ఊరికే పాడితే కూడెక్కడిది, ఎల్లి పశువులకి గడ్డి కోసుకురమ్మని తరిమారు. కుర్రాడు అడవికెళ్ళాడు. కొడవలి పట్టడం అలవాటు లేదు. చిటికెన వేలు తెగింది. రక్తం కారింది. ఆ నొప్పిలో కూర్చుని, ఈ అమ్మా అయ్యా అన్నా వదినా ఎవరికి ఎవరు అనుకున్నాడట. అటుగా తిరుమల ఎల్లే యాత్రికుల గుంపు పోతుంటే, ఇంటికి కూడా చెప్పకుండా వాళ్ళెనకాల నడిచిపోయాడు.

మనం ఇక్కడ కొల్లేటి గట్ల మీద గడ్డి కోసినోళ్ళమే కదా. జమ్ము ఆకు చేతిని ఎలా కోస్తుందో, కొడవలి జారితే ఏ వేలు తెగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమ చేత్తో గడ్డి కుదురు పట్టుకుంటాం, కొడవలి కిందనించి లాగుతాం, జారిందా, అడుగున ఉండే చిటికెన వేలికే తగులుతుంది. చిన్నన్న ఆ వేలి పేరే రాశాడు. ఒక మహాభక్తుడి జీవితం దేవుడి పిలుపుతోనో పిడుగుతోనో కాకుండా, గడ్డి మోపు దగ్గర మొదలైందని చెప్పడానికి సొంత మనవడు సిగ్గుపడలేదు. నాకు ఆ పుస్తకం మీద నమ్మకం కలిగింది అక్కడే.

తర్వాత కథ మీకు కొంత తెలుసు. కొండెక్కుతూ కాళ్ళకి చెప్పులుంచుకున్నాడు. ఆకలితో, అలుపుతో వెదురు పొద కింద పడి నిద్రపోయాడు. అలమేలుమంగ ముసలమ్మ రూపంలో వచ్చి, చెప్పులు విప్పి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టింది. మెలకువొచ్చి ఆమె మీద శతకం చెప్పాడు. కొండ మీద ఘనవిష్ణువు అనే వైష్ణవ స్వామి దీక్షిచ్చాడు. కొన్నాళ్ళకి ఇంటోళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్ళారు, పెళ్ళి చేశారు. అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి దగ్గర చదువుకున్నాడు. ఇవన్నీ చిన్నన్న చెప్పినవే.

పెళ్ళి దగ్గర ఆగుదాం. భార్యలు ఇద్దరు, తిమ్మక్క, అక్కలమ్మ. సినిమాలో రమ్యకృష్ణ, కస్తూరి వేశారు. మొదటి సగమంతా మరదళ్ళతో ఆటాపాటా. థియేటర్లో ఈలలు పడేది అక్కడే, టిక్కెట్లు తెగేది కూడా అక్కడే, కాదన్ను. ఇందులో అబద్ధం ఎంతంటే, ఒక లెక్కలో చాలా తక్కువ. అన్నమయ్య పాటల్లో ఎక్కువ భాగం శృంగారమే. ఆధ్యాత్మ పాటలు రేకుల్లో తక్కువ వంతు. అలమేలుమంగ అలకలూ, చెలికత్తెల ఎకసెక్కాలూ, విరహాలూ, ఆడమనిషి గొంతు పెట్టుకుని రాసినవి వేలున్నాయి. ఆ పాటల్లోని సరసాన్ని తీసి ఆయన ఇంట్లోకి మార్చారు సినిమావాళ్ళు. పాటలోంచి జీవితాన్ని అల్లడం అంటే ఇదే. సంగీతకారుడి సినిమా ఎక్కడ తీసినా చేసే పని ఇదే. అక్కడ అమెరికావాళ్ళు మొజార్ట్ మీద 1984లో అమేడియస్ అని సినిమా తీశారు. సాలియేరి అనే తోటి సంగీతకారుడు అసూయతో ఆయన్ని చావు దాకా తరిమినట్టు చూపించారు. చరిత్రకారులు అదేం లేదన్నారు. ఆ సినిమాకి ఎనిమిది ఆస్కార్లొచ్చాయి. ఇప్పటికీ జనానికి సాలియేరి అంటే విలనే, పాపం.

మనకి జరిగిన నష్టం అలాంటిదే, ఇంకొంచెం దగ్గరి మనిషికి. తిమ్మక్క కవయిత్రండి. సుభద్రా కళ్యాణం అనే ద్విపద కావ్యం ఆమె పేరున ఉంది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనని సాహిత్య చరిత్రలు రాస్తాయి. అర్జునుడు సుభద్రని పెళ్ళాడే కథని, పెళ్ళింట్లో ఆడాళ్ళ మాటలతో, ఇంటి తెలుగులో చెప్పింది. 600 ఏళ్ళ కింద ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుని తెలుగులో కట్టుకున్నారంటే, సినిమాకి అంతకంటే ఏం కావాలి? ఒక్క సీను. ఆమె పాడుతుంటే ఆయన వినే ఒక్క సీను. అది రాలేదు. మన ఆడపిల్లలకి తిమ్మక్క అంటే డ్యూయెట్లో మరదలిగానే తెలుసు. రెండున్నర గంటల సినిమాలో కలిపినవాటికంటే వదిలేసిన ఇదే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

రాజు సంగతికొస్తే సినిమాని తిట్టడానికి లేదు. మోహన్‌బాబు వేసిన సాళువ నరసింహరాయలు నిజంగా ఉన్నవాడే. చంద్రగిరి ఏలి, 1485లో విజయనగరం గద్దె కూడా తీసుకున్నాడు. టంగుటూరులో ఉన్నప్పుడు అన్నమయ్యని పిలిపించుకున్నాడనీ, స్వామి మీద ఒక శృంగార పదం విని పరవశించిపోయి అలాంటిది తన మీద కూడా చెప్పమన్నాడనీ, ఈయన చెవులు మూసుకుని పొమ్మన్నాడనీ, సంకెళ్ళేయిస్తే పాట పాడగానే ఊడిపోయాయనీ చిన్నన్నే రాశాడు. సంకెళ్ళు ఊడాయా లేదా నాకనవసరం. కానీ దొరికిన ఆ వేల పాటల్లో ముద్ర చూడండి. చివర్న వేంకటేశుడి పేరే. రాజు దగ్గరికి రాకపోకలున్న మనిషి, రాజు పేరు మీద ముద్ర కొట్టలేదు. సాక్ష్యం అంటే అది.

ఇక్కడొక సంగతి గమనించారా. త్యాగయ్య కథలో తంజావూరు రాజు పిలుపు, ఆయన వద్దనడం ఉంది. పోతన కథలో రాజు భాగవతం తనకి అంకితమిమ్మనడం, ఈయన కాదనడం ఉంది. రామదాసుకి గోలకొండ చెర. అన్నమయ్య పూజించే విగ్రహాలు పోయి పాటతో దొరికాయంటారు, త్యాగయ్య విగ్రహాలని అన్న కావేట్లో పడేస్తే మళ్ళీ దొరికాయంటారు. ఒకటే అచ్చు. ఇంట్లో చీదరింపు, రాజుతో తగాదా, దేవుడి రాక. ఈ అచ్చు సినిమావాళ్ళు పోసింది కాదు. హరికథలోళ్ళూ, నాటకాలోళ్ళూ, అంతకుముందు చిన్నన్న లాంటోళ్ళూ పోసి పెట్టిందే. చిత్తూరు నాగయ్య 1940ల్లో పోతనగా, త్యాగయ్యగా, వేమనగా వరసగా కనిపించి, 1964లో రామదాసుగా కూడా కనిపించారు. మన నరసాపురం బాపు 1981లో సోమయాజులుతో త్యాగయ్య మళ్ళీ తీశారు. అన్నమయ్య తీసిన జట్టే 2006లో శ్రీరామదాసు తీసింది. మనం ఒకే కథని పేర్లు మార్చి మార్చి ఇష్టంగా వింటున్నాం. పాటగాడు రాజుకి తల వంచకూడదని మన జనం కోరిక, అందుకే ఆ సీను లేకపోతే ఒప్పుకోరు.

ఇప్పుడు అసలు తగువుకొస్తా. పోయిన ధనుర్మాసంలో మా ఊళ్ళో (ఊరి పేరెందుకులెండి) పేట కుర్రోళ్ళు నలుగురు గుడి దగ్గర భజనకి వచ్చి అన్నమయ్య పాటలు ఎత్తుకున్నారు. సినిమా బాణీలో. ఒక పెద్దాయన మధ్యలో ఆపించి, అది సినిమా పాట, అసలు బాణీ వేరే, అది నేర్చుకున్నోళ్ళే ఇక్కడ పాడాలి అన్నారు. కుర్రోళ్ళు డోలకు సర్దుకుని ఎల్లిపోయారు. మాట బాణీ గురించే గానీ, తగిలింది మాత్రం ఇంకోచోట.

అందుకని చెప్తున్నా. ఆ రాగి రేకుల మీద పాట పైన రాగం పేరు మాత్రం ఉంటుంది. స్వరం ఉండదు. ఏ అక్షరం ఎంత లాగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో, ఏమీ ఉండదు. త్యాగయ్య సంగతి వేరు. ఆయన 1847లో పోయాడు, వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు నోటి నించి నోటికి బాణీలు మోసుకొచ్చారు. వాళ్ళల్లో వాళ్ళకి కొద్ది తేడాలున్నా పాట ఆయనదే. అందుకే నాగయ్య సినిమాలో గానీ బాపు సినిమాలో గానీ త్యాగయ్య పాడుతుంటే దాదాపు త్యాగయ్య పాటే వింటున్నాం. అన్నమయ్యకి ఆ గొలుసు తెగిపోయింది. మధ్యలో కొన్ని వందల ఏళ్ళు ఎవరూ పాడకుండా గదిలో ఉన్న పాటకి బాణీ ఎక్కడ్నించి వస్తుంది? ఇవాళ మనం వినే ప్రతి బాణీ 20వ శతాబ్దంలో, ఆ తర్వాత కట్టిందే. రాళ్ళపల్లి వారు కొన్ని కట్టారు. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి కట్టారు. రాజమండ్రిలో పుట్టిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఒక్కరే వందల కొద్దీ కట్టారు. పెద్దాయన అసలు బాణీ అన్నది బహుశా టీటీడీ క్యాసెట్లో విన్నది. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక ఆ పాటలు ఊరూరా తిరిగాయి. గొప్ప బాణీలే, నేనూ వాటితోనే పెరిగాను. కానీ వాటికీ కీరవాణి బాణీలకీ వయసులో తేడా ముప్పై నలభై ఏళ్ళే. అన్నమయ్యకీ వాటికీ తేడా నాలుగు వందల ఏళ్ళ పైన.

రాగం పేరు కూడా అప్పటి రాగమే ఇప్పుడూ ఉందనుకోవడానికి లేదు. పేరు అదే ఉండి నడక మారిన రాగాలున్నాయి, రేకుల మీద పేరుండి ఇప్పుడు ఎవరూ పాడని రాగాలూ ఉన్నాయి. రాగం పేరు చూసి కట్టడం కూడా ఊహే. శ్రద్ధ పెట్టి చేసిన ఊహ.

ఇంకో మాట. అన్నమయ్య అన్ని పాటలూ కచేరీ కోసం రాయలేదు. గొబ్బి పాటలు రాశాడు. వడ్లు దంచే సువ్వి పాటలు, లాలి పాటలు, ఉయ్యాల పాటలు, ఏల పదాలు, జాజర, కోలాటం, చందమామ పాటలు రాశాడు. అవి ఆయన పుట్టించిన బాణీలు కావు, అప్పటికే ఆడాళ్ళ నోట్లో, కూలోళ్ళ నోట్లో ఉన్నవి. వాటిలోకి తన మాట పోశాడు. మరి ఆ గొబ్బి బాణీ ఎవరి దగ్గర ఉండి ఉంటుంది? రాగి రేకు దగ్గరా, సంక్రాంతికి పేడ ముద్ద మీద గుమ్మడి పువ్వు పెట్టి చుట్టూ తిరిగే మా అప్పాయమ్మ నోట్లోనా? రెండోదే ఎక్కువ అవకాశం అంటాను. శాస్త్రం తెలిసినోళ్ళు నన్ను తిట్టుకోవచ్చు.

ఆ నోళ్ళు కూడా మూతబడుతున్నాయనుకోండి. కొల్లేట్లో తాటి దోనె మీద గెడ వేసుకుంటూ పాడేవోళ్ళని నేను చిన్నప్పుడు విన్నాను. ఇప్పుడు రాత్రిళ్ళు చేపల చెరువుల మీద ఏరియేటర్ల హోరు తప్ప ఏముంది. ఊడుపుల్లో పాట పోయి గట్టు మీద బ్లూటూత్ స్పీకరొచ్చింది. అన్నమయ్య మాట రాగి మీద మిగిలి బాణీ పోయింది. మా కొల్లేటి పాటకి మాట కూడా ఎక్కడా రాసిలేదు, పాడే ముసలమ్మతో పాటే రెండూ పోతున్నాయి. జేబులో ఫోను, దాంట్లో రికార్డరు ఉన్నది మాత్రం మన దగ్గరే.

మళ్ళీ ఆ భజన కుర్రోళ్ళ దగ్గరికి. అన్నమయ్య బ్రహ్మమొక్కటే అనే పాట కట్టాడు, అందరికీ తెలిసిందే. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేననీ, బ్రాహ్మడు నిలబడ్డ నేలా చండాలుడు నిలబడ్డ నేలా ఒకటేననీ దాని సారం. 15వ శతాబ్దపు బ్రాహ్మణుడు రాసిన మాట. రాసినంత మాత్రాన ఆయన కాలం మారిపోలేదు. ఆ పాట చెక్కిన రేకు కూడా గుళ్ళో గదిలోనే పడుంది, ఏ పేటలోకీ రాలేదు. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత దాన్ని పేట దాకా తెచ్చినవాటిలో క్యాసెట్టుంది, రేడియో ఉంది, మరీ ఎక్కువగా ఆ సినిమా ఉంది. సినిమాలో తేదీలు తప్పు కావచ్చు, తిమ్మక్కకి అన్యాయం జరిగి ఉండొచ్చు, కానీ ఆ నలుగురు కుర్రోళ్ళ నోటికి అన్నమయ్య మాట అందింది దానివల్లే. అది అసలు కాదని చెప్పి వాళ్ళని లేపేసిన బాణీ కూడా అసలు కాదు.

ఈ మాట ఆ పెద్దాయనకి నేరుగా చెప్పాను. కోపం రాలేదు, ఆలోచించారు. రాళ్ళపల్లి వారి పేరు ఎత్తితే మాత్రం కళ్ళు మెరిశాయి. ఆయన కట్టిన బాణీ ఒకటి అక్కడే కూర్చుని పాడారు, ఎంత బాగుందో. కుర్రోళ్ళు మళ్ళీ భజనకి వస్తారో రారో ఇంకా చూడాలి. వాళ్ళల్లో ఒకడికి ఆ బాణీ వాట్సాప్‌లో పంపించాను, వాడు తిరిగి డోలకు మీద ఏదో వాయించి పంపించాడు. రాగం కుదర్లేదు గానీ దరువు బలే ఉంది.